పాత పవర్ టిల్లరు క్లచ్ మరమ్మతు: ప్లేటు మార్చుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులు

భావనపాడు, నౌపడ, సంతబొమ్మాళి, టెక్కలి ప్రాంతములలో చిన్న కమతములు గల రైతులకు పవర్ టిల్లరు మిక్కిలి అక్కరకు వచ్చిన యంత్రము. పెద్ద ట్రాక్టరు దిగలేని మడిలోను, తిరుగుటకు చోటు చాలని సన్నని మళ్ళలోను ఇది దమ్ము చేయును. గట్లు చెడకుండ ఒక మడి నుండి మరియొక మడికి పోగలదు. 1960 దశకములో జపాను దేశము నుండి ఈ యంత్రములు మన దేశమునకు వచ్చినవి. తరువాత మిత్సుబిషి సహకారముతో బెంగుళూరులో వి.ఎస్.టి. సంస్థయు, కుబోటా సహకారముతో కేరళలో కామ్కో సంస్థయు వీనిని ఇక్కడనే తయారుచేయసాగినవి. పది, పదునైదు సంవత్సరములు పనిచేసిన టిల్లర్లు మన గ్రామములలో నేటికిని పొలములో దిగుచున్నవి.

ఇట్టి పాత యంత్రములలో ఎక్కువగా ఇబ్బంది పెట్టు భాగము క్లచ్. అదియు సరిగా ఉభాల కాలములోనే చెడును. ఎండకాలమంతయు ఊరక పడియున్న యంత్రము ఒక్కసారిగా లోతు బురదలో, పూర్తి బరువు మీద పనిచేయవలసి వచ్చుటయే దీనికి కారణము. వంశధార ఎడమ కాలువ చివరి భూములకు నీరు వచ్చు రోజులు కొద్ది. నీరున్నప్పుడే దమ్ము జరుగవలెను. యంత్రము వారము, పది దినములు ఆగినచో నారు మడిలోనే ముదిరిపోవును. ముదురు నారు నాటిన పొలములో పిలకలు తగ్గును, పిలకలతోపాటు దిగుబడియు తగ్గును. కావున క్లచ్ చెడుటవలన కలుగు నష్టము ప్లేటు ధరతో తీరిపోవునది కాదు.

రైతు సోదరులు ఈ వ్యాసమునుండి ముఖ్యముగా గ్రహింపవలసిన విషయ మొక్కటే. కాలిన ప్లేటును తీసి కొత్త ప్లేటు వేసినంత మాత్రమున మరమ్మతు పూర్తి కాదు. ఆ ప్లేటు ఎందుకు కాలినదో కనుగొని ఆ కారణమును తొలగించినప్పుడే మరమ్మతు పూర్తియగును. కారణము మిగిలియున్నచో కొత్త ప్లేటు కూడ ఒక్క పంటకాలములోనే కాలిపోవును.

క్లచ్ చేయు పని

పవర్ టిల్లరులో ఇంజను ముందుభాగమున నుండును. ఇంజను ఫ్లైవీలు మీది గాడుల నుండి సామాన్యముగా మూడు వి-ఆకారపు బెల్టులు వెనుకనున్న క్లచ్ పుల్లీకి పోవును. ఆ పుల్లీ లోపలనే మెయిన్ క్లచ్ ఉన్నది. ఇంజను నుండి వచ్చు శక్తి యంతయు ఈ ఒక్క క్లచ్ ద్వారమునే గేర్లకును, చక్రములకును, వెనుకనున్న రోటవేటరుకును చేరును. పెద్ద ట్రాక్టరులో పనిముట్టుకు శక్తి నందించు పవర్ టేకాఫ్ క్లచ్ చేయు పనిని, చక్రములను నడుపు క్లచ్ చేయు పనిని ఇచ్చట ఒక్క క్లచ్చే చేయుచున్నది. అందువలన దీనిపై పడు భారము ఎక్కువ.

క్లచ్ లోపల రెండు రకముల ప్లేట్లు ఒకదాని ప్రక్క నొకటి పేర్చియుండును. ఒక రకమునకు రెండు ప్రక్కల లైనింగు ఉండును. రెండవ రకము ఉత్త ఉక్కు ప్లేట్లు. ఒక రకము పుల్లీతో తిరుగును, రెండవ రకము గేరు పెట్టె లోనికి పోవు షాఫ్టుతో తిరుగును. స్ప్రింగులు వీనిని గట్టిగా అదిమిపట్టినప్పుడు రెండును కలిసి తిరుగును. చేతి వద్ద నున్న లీవరును ఆఫ్ స్థానమునకు లాగినప్పుడు, ఒక ఫోర్కు రిలీజు బేరింగును నెట్టి స్ప్రింగుల పట్టును వదలించును. అప్పుడు పుల్లీ తిరుగుచున్నను షాఫ్టు ఆగిపోవును.

ఇది పొడి క్లచ్. దీనిలో నూనెకు స్థానము లేదు. ప్లేట్లు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనవలెనన్న లైనింగు పొడిగా నుండవలెను, స్ప్రింగులకు బలముండవలెను, లీవరు వదలినప్పుడు ఫోర్కు ఒత్తిడి పూర్తిగా తొలగవలెను. చెడు క్లచ్చులలో ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పియుండును.

జారుచున్నది క్లచ్చా, బెల్టా?

ఇంజను గట్టిగా అరచుచున్నను రోటవేటరు మందగించినప్పుడు చాలమంది వెంటనే క్లచ్ పోయినదని తలచెదరు. అనేక సందర్భములలో జారుచున్నది బెల్టు. బెల్టు లోపమునకు క్లచ్ విప్పుట వలన ఒక దినము వృథా యగును, ఖర్చు వృథా యగును, లోపము మాత్రము తీరదు. కావున పానా పట్టుటకు ముందు ఈ క్రింది పరీక్షలు చేయుడు.

మొదటి పరీక్ష: యంత్రమును బరువు మీద అయిదు నిమిషములు నడిపి, ఇంజనును ఆపివేసి, బెల్టు మూత తీసి చూడవలెను. చేతిని తగిలింపక దగ్గరగా పెట్టి వేడి గమనించుడు. ఫ్లైవీలు గాడులు, బెల్టులు వేడెక్కి, మూత లోపల నల్లని రబ్బరు పొడి రాలియున్నచో జారునది బెల్టు. బెల్టులు మామూలుగా నుండి, క్లచ్ పుల్లీ నడిభాగము మిక్కిలి వేడిగా నుండి, కాలిన లైనింగు వాసన వచ్చుచున్నచో జారునది క్లచ్.

రెండవ పరీక్ష: దీనికి ఇద్దరు మనుష్యులు కావలెను. ఇంజనుకు డీజిలు అందకుండ మూసివేయవలెను. చక్రములకు ముందు వెనుకల రాళ్ళు పెట్టి, టిల్లరును పై గేరులో నుంచి, క్లచ్ లీవరును ఆన్ స్థానములో నుంచవలెను. ఒకరు డికంప్రెషను మీట నొక్కిపట్టి హ్యాండిలుతో ఇంజనును మెల్లగా త్రిప్పవలెను. రెండవవారు రెండడుగుల దూరమున నిలిచి చూచుచుండవలెను. అన్నియు సరిగా నున్నచో హ్యాండిలు గట్టిగా బిగుసుకొని ఆగిపోవును. ఫ్లైవీలు తిరుగుచు బెల్టులు దానిపై జారినచో లోపము బెల్టులది. బెల్టులతో పాటు క్లచ్ పుల్లీ కూడ తిరుగుచు, చక్రములు కదలకున్నచో లోపము క్లచ్చుది. ఈ పరీక్ష జరుగునంతసేపు బెల్టుల వద్ద ఎవరును చేయి పెట్టరాదు.

బెల్టు లోపమని తేలినచో ముందు బిగువు చూడవలెను. రెండు పుల్లీల నడుమ బెల్టును బొటనవ్రేలితో నొక్కినప్పుడు సుమారు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు దిగవలెను. మీ యంత్రముతో వచ్చిన పుస్తకములో వేరు కొలత ఉన్నచో దానినే పాటింపుడు. అంతకంటె బిగించినచో బేరింగులు చెడును. వి-బెల్టు గాడి ప్రక్కలను పట్టుకొని పనిచేయును గాని అడుగును పట్టుకొని కాదు. అరిగిన బెల్టు గాడిలోనికి దిగిపోయి అడుగును తాకును. దాని అడుగుభాగము నున్నగా మెరయుచున్నచో అట్టి బెల్టును ఎంత బిగించినను ప్రయోజనము లేదు. మార్చునప్పుడు మూడింటిని ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే కొలతవి వేయవలెను. రెండు పాతవి, ఒకటి కొత్తది వేసినచో బరువంతయు కొత్త దానిపైననే పడి అది త్వరలో తెగును. జారు బెల్టునకు గుగ్గిలము పొడి చల్లుట కొందరి అలవాటు. అది ఒక గంట పట్టును, తరువాత బెల్టును పాడుచేయును.

క్లచ్ లోపముల లక్షణములు

క్లచ్ లోపములు నాలుగు విధములుగా బయటపడును.

ఒకటి, జారుట. బరువు పడగానే రోటవేటరు నిలిచిపోవును, ఇంజను వేగము మాత్రము తగ్గదు. లైనింగు అరుగుట, దానికి నూనె అంటుట, స్ప్రింగులు బలము కోల్పోవుట, లీవరు కడ్డీలో వదులు లేకపోవుట దీనికి కారణములు.

రెండు, వదలకపోవుట. లీవరును ఆఫ్ చేసినను యంత్రము ముందుకు లాగుచుండును. గేరు వేయునప్పుడు కరకరమను శబ్దము వచ్చును. ప్లేట్లు తుప్పుతో అతుకుకొనుట, ఉక్కు ప్లేటు వంగుట, లీవరు కడ్డీలో వదులు మితిమీరుట దీనికి కారణములు. ఇది నాలుగింటిలో ప్రమాదకరమైనది. గట్టు వద్ద ఆపవలసిన యంత్రము ఆగదు. రోటవేటరు బ్లేడ్ల వెనుక నడచుచున్న మనిషి కాలికి అపాయము కలుగును. ఈ లక్షణము కనిపించిన యంత్రమును ఆ పూటకే పనినుండి తొలగించవలెను.

మూడు, అదురుట. లీవరు వదలినప్పుడు యంత్రము మెల్లగా కదలక ఎగిరి ఎగిరి పట్టుకొనును. లైనింగుపై అక్కడక్కడ నూనె అంటుట, స్ప్రింగులు సమానముగా లేకపోవుట దీనికి కారణములు.

నాలుగు, శబ్దము. లీవరును లాగినప్పుడు మాత్రమే కీచుమను ధ్వని వచ్చినచో రిలీజు బేరింగు చెడినది. క్లచ్ పట్టియున్నప్పుడును, వదలినప్పుడును తేడా లేక శబ్దము వచ్చుచున్నచో పుల్లీ బేరింగుల వైపు చూడవలెను.

విప్పుటకు ముందు సర్దుబాటు

జారుచున్న క్లచ్చును విప్పుటకు ముందు లీవరు కడ్డీలోని వదులును తప్పక చూడవలెను. లీవరు ఆన్ స్థానములో నున్నప్పుడు కడ్డీని చేతితో కదపినచో కొద్దిగా ఆడవలెను. లైనింగు అరిగినకొలది ఈ వదులు తగ్గుచు వచ్చును. పూర్తిగా లేకపోయినప్పుడు ఫోర్కు ఎల్లప్పుడును బేరింగును నొక్కుచునే యుండును. మనము చేయి వేయకున్నను సగము క్లచ్ లాగిపట్టినట్లే యగును. స్ప్రింగుల పట్టు సడలి ప్లేట్లు జారి కాలిపోవును, బేరింగు కూడ నిరంతరము తిరిగి చెడును. కడ్డీ మీది నట్టును సడలించి, కడ్డీ పొడవు సవరించి, తగిన వదులు ఉంచి, నట్టును మరల బిగించినచో అనేక క్లచ్చులు విప్పకుండగనే బాగుపడును. దీనికి పట్టునది పావుగంట, కావలసినది రెండు పానాలు. ఈ సర్దుబాటు తరువాతను జారినచో అప్పుడు మాత్రమే విప్పవలెను.

విప్పు విధము

పొలములో, బురద చేతులతో క్లచ్ విప్పరాదు. యంత్రమును కళ్ళములోనో, పశువుల శాల అరుగుమీదనో గట్టి నేలపై నిలిపి, రోటవేటరును నేలకు దింపి, బయటి బురదను కడిగి ఆరనీయవలెను. ఒక పరిశుభ్రమైన గోనె, ఒక పళ్ళెము, పొడి గుడ్డలు సిద్ధము చేసికొనుడు.

ముందు బెల్టు బిగువును సడలించి బెల్టులు తీయవలెను. పిదప క్లచ్ మూత, దాని లోపలి నట్టు, అడ్డు వాషరు తీయవలెను. స్ప్రింగులు బిగువుతో నుండును గనుక మూత బోల్టులను ఒక ప్రక్కనుండి వరుసగా విప్పరాదు. ఎదురెదురుగా నున్న వానిని కొంచెము కొంచెముగా, మార్చి మార్చి సడలించవలెను. ఒక బోల్టు మిగిలియుండగా తక్కినవన్నియు తీసినచో మూత ఒరిగి వంగును, లేదా స్ప్రింగు ఎగిరి ముఖమునకు తగులును. పుల్లీ బిగిసియున్నచో పుల్లరు తెచ్చి లాగవలెను. సుత్తితో అంచున కొట్టినచో పుల్లీ పగులును, షాఫ్టు బేరింగులు దెబ్బతినును.

ప్లేట్లను తీసిన వరుసలోనే గోనెపై పరచి, సుద్దతో అంకెలు వేయవలెను. ఏ ప్లేటు మొదట, ఏది చివర, ఏ ముఖము బయటికి అన్న సంగతి జ్ఞాపకము మీద వదలరాదు. చేతిఫోను ఉన్నవారు అడుగడుగునకు ఒక ఫోటో తీసికొనుట ఇంకను మంచిది.

పాత లైనింగులలో ఆస్బెస్టాసు అను నార ఖనిజము కలిసియుండవచ్చును. దాని పొడి ఊపిరితిత్తులలోనికి పోయినచో ఏండ్ల తరువాత ప్రాణాంతకమైన వ్యాధులు కలుగును. కావున క్లచ్ లోపలి పొడిని నోటితోగాని, గాలి పంపుతోగాని ఊదరాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పాతిపెట్టవలెను. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

ఏ భాగమును ఎట్లు పరీక్షింపవలెను?

లైనింగు: కొత్త ప్లేటు ఒకటి ప్రక్కన పెట్టి మందము పోల్చవలెను. రివెట్లతో బిగించిన లైనింగు అయినచో రివెటు తలలు లైనింగు మట్టమునకు లోపలికి ఉండవలెను. అవి పైకి తేలినచో ఉక్కు ప్లేటును గీరి గాడులు పెట్టును. లైనింగు అద్దమువలె నున్నగా మెరయుచు, మందము మాత్రము చాలినంత ఉన్నచో, ఉప్పుకాగితముతో తేలికగా రుద్ది మరల వాడవచ్చును. రుద్దుటకు ముందు దానిని తడిపి రుద్దినచో పొడి లేవదు. తరువాత బాగుగా ఆరనీయవలెను.

నూనె త్రాగిన లైనింగు: కొందరు దీనిని మంటపై కాల్చి నూనె పోగొట్టి మరల వేయుదురు. ఇది సరికాదు. పై నూనె పోయినను లోపలిది వేడికి మరల పైకి వచ్చును. కాల్చుటవలన లైనింగును పట్టియుంచు జిగురు కూడ చెడును. నూనె లోనికి ఇంకిన ప్లేటును మార్చుట తప్ప వేరు మార్గము లేదు.

ఉక్కు ప్లేట్లు: నీలిరంగు మచ్చలున్నచో అవి మిక్కిలి వేడెక్కినవని అర్థము. ప్లేటును మందపు గాజు పలకపై పెట్టి చూడుడు. అంచు క్రింద ఎక్కడనైనను గాజునకును ప్లేటునకును నడుమ సందు కనబడినచో ప్లేటు వంగినది. వంగిన ప్లేటును సుత్తితో సరిచేయుట సాధ్యము కాదు.

స్ప్రింగులు: అన్నింటిని గాజుపలకపై వరుసగా నిలుపుడు. ఒకటి రెండు పొట్టిగా నున్నచో అవి బలము కోల్పోయినవి. మార్చునప్పుడు అన్నింటిని ఒకేసారి మార్చవలెను.

పళ్ళు, గాడులు: ప్లేట్లు షాఫ్టు గాడులపై ముందునకు వెనుకకు జారవలెను. గాడుల ప్రక్కలు మెట్లు మెట్లుగా అరిగియున్నచో ప్లేటు అక్కడ చిక్కుకొని వదలదు. స్వల్పమైన మెట్లను సన్నని ఆకురాయితో నున్న చేయవచ్చును. లోతుగా నున్నచో ఆ భాగము మార్చవలెను.

రిలీజు బేరింగు: చేతితో త్రిప్పినప్పుడు గరగరలాడినచో మార్చవలెను. మూతవేసిన బేరింగులను కిరోసినులోగాని, డీజిలులోగాని నానబెట్టరాదు. లోపలి గ్రీజు కరిగిపోయి అవి పనికిరాకుండ పోవును.

ఆయిలు సీలు: గేరు పెట్టెలోని నూనె క్లచ్ లోనికి రాకుండ షాఫ్టుమీద నున్న సీలు ఆపును. క్లచ్ విప్పినప్పుడు సీలు చుట్టును తడి ఉన్నదేమో తప్పక చూడవలెను. ఇది మిక్కిలి చవుకయైన భాగము. క్లచ్ ఎట్లును విప్పితిమి గనుక పాత యంత్రములో కొత్త సీలు వేయుటయే మేలు. సీలు పెదవి నూనె ఉన్న వైపునకు తిరిగియుండవలెను.

కాలుటకు కారణము కనుగొనుట

పై పరీక్షలు ముగిసినపిదప కొత్త భాగములు కొనుటకు ముందు ఒక్క నిమిషము ఆలోచింపుడు. తడిసిన లైనింగు కనబడినచో కారణము సీలు, లేదా గేరు పెట్టెలో మట్టమునకు మించి పోసిన నూనె. పొడిగా నుండి అంతట సమానముగా అరిగినచో అది సహజమైన అరుగుదల. పొడిగా నుండి కాలి నల్లబడి, ఉక్కు ప్లేట్లు నీలిరంగు తిరిగినచో కారణము కడ్డీలో వదులు లేకపోవుట, లేదా నడుపువాని చేతి అలవాటు.

ఈ చివరి కారణము చాల సాధారణము. లోతు బురదలో యంత్రము దిగబడినప్పుడు కొందరు లీవరును సగము లాగి సగము వదలి ఇంజనును అరపించుచుందురు. ఆ కొద్ది నిమిషములలో ప్లేట్లు ఒక ఏడాది పనిలో అరిగినంత అరుగును. క్లచ్ లీవరు యంత్రమును కదలించుటకును, ఆపుటకును ఏర్పడినదే గాని వేగము తగ్గించుటకు కాదు. బరువు ఎక్కువైనచో క్రింది గేరు వేయవలెను, లోతు తగ్గించవలెను. రోటవేటరుకు చుట్టుకొన్న ఎండుగడ్డిని, తుంగను ఇంజను ఆపి తీసివేయవలెను. అరిగిన బ్లేడ్లను మార్చవలెను. మొద్దుబారిన బ్లేడు మట్టిని కోయక రుద్దుచుండును. ఆ శ్రమయంతయు క్లచ్చుమీదనే పడును.

తిరిగి బిగించుట

అన్ని భాగములను పొడిగుడ్డతో తుడిచి, వేసిన అంకెల ప్రకారము కూర్చవలెను. లైనింగు ముఖములను నూనె చేతులతో పట్టరాదు. షాఫ్టు గాడులపై గ్రీజును వ్రేలి కొనతో పలుచగా పూసి, అదనపు దానిని తుడిచివేయవలెను. ఎక్కువ పూసిన గ్రీజు తిరుగుడు వేగమునకు చిమ్మి లైనింగుపై పడును. మూత బోల్టులను విప్పినట్లే ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగించవలెను. ఒకసారి వంచిన అడ్డు వాషరును మరల వాడక కొత్తది వేయవలెను.

బెల్టులు వేసి బిగువు చూచి, కడ్డీలో వదులు ఉంచిన తరువాత, ఇంజనును మెల్లని వేగమున నడుపుచు, బరువు లేకుండ, క్లచ్చును పది పండ్రెండు సార్లు పట్టించి వదలవలెను. మొదటి దినము పలుచని దమ్మునకు, తేలిక దుక్కికి మాత్రమే వాడుడు. ఆనాటి సాయంకాలము కడ్డీ వదులును, బెల్టు బిగువును మరల ఒకసారి చూడవలెను. కొత్త లైనింగులు కుదురుకొనునప్పుడును, కొత్త బెల్టులు సాగునప్పుడును ఈ రెండును మారును.

సముద్రతీర గ్రామములలో ప్రత్యేక జాగ్రత్త

భావనపాడు వంటి తీర గ్రామములలో గాలిలోనే ఉప్పు ఉన్నది. నౌపడ ఉప్పు మళ్ళ ప్రక్క గ్రామములవారికి ఇది చెప్పనక్కరలేదు. ఇంటి చువ్వలను తినివేయు ఆ గాలియే క్లచ్ లోని ఉక్కు ప్లేట్లను గూడ పట్టును. కోతల తరువాత చావడిలో పెట్టిన యంత్రము జ్యేష్ఠ మాసమున బయటికి తీసినప్పుడు ప్లేట్లు ఒకదానికొకటి తుప్పుతో అతుకుకొని యుండును. లీవరు లాగినను వదలవు. దీనిని నివారించుటకు మూడు పనులు చేయవలెను.

మొదటిది, యంత్రమును చాలకాలము నిలిపి యుంచునప్పుడు క్లచ్ లీవరును ఆఫ్ స్థానములో నుంచవలెను. ప్లేట్ల నడుమ సందు ఉన్నచో అవి అతుకుకొనవు. రెండవది, నెలకు ఒకటి రెండుసార్లు ఇంజనును పది నిమిషములు నడిపి క్లచ్చును కొన్నిసార్లు పట్టించి వదలవలెను. మూడవది, యంత్రమును మంచినీటితో కడిగి ఆరనిచ్చి, మట్టినేలపై గాక చెక్కలపై నిలిపి, గాలి ఆడునట్లు కప్పవలెను. గాలి చొరని ప్లాస్టిక్ పట్టాను బిగించి చుట్టినచో లోపల చెమ్మ పట్టి తుప్పు అధికమగును.

అతుకుకొన్న క్లచ్చును వదలించుటకు యంత్రమును గోడకు గుద్దించుట, పై గేరులో ఒక్కసారిగా లాగించుట మంచిది కాదు. మూత తీసి ప్లేట్లను విడదీసి తుప్పును శుభ్రపరచుటయే సరియైన పని.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరమును దాటినప్పుడు మన జిల్లాలో పైరులతోపాటు యంత్రములును నీట నానినవి. ఇట్లు మునిగిన టిల్లరును ముందు నడిపి చూతమని ఇంజనును త్రిప్పరాదు. ముందుగా మంచినీటితో ఉప్పును, బురదను కడగవలెను. గేరు నూనె పాలవలె తెల్లబడినచో దానిలో నీరు చేరినది గనుక పూర్తిగా తీసివేసి కొత్తది పోయవలెను. క్లచ్ మూత తీసి ప్లేట్లను తుడిచి ఆరబెట్టవలెను. ఈ పనిని రెండు మూడు దినములలో చేసినచో ప్లేట్లు దక్కును, నెల ఆగినచో దక్కవు.

చిన్న ట్రాక్టరుల పవర్ టేకాఫ్ క్లచ్

తోటలలోను, అంతర కృషికిని వాడు చిన్న ట్రాక్టరులు గల రైతులకు కూడ పై సూత్రములే వర్తించును. పవర్ టేకాఫ్ అనగా ట్రాక్టరు వెనుక తిరుగుచు రోటవేటరు, పంపు, నూర్పిడి యంత్రము మొదలగు వానికి శక్తి నిచ్చు షాఫ్టు. 1920 ప్రాంతమున అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ దీనిని ట్రాక్టరులపై ప్రచారములోనికి తెచ్చినది. అప్పటి ఏర్పాటులో క్లచ్ తొక్కినచో ట్రాక్టరుతో పాటు పనిముట్టు కూడ ఆగెడిది. 1940 దశకము చివరను కెనడాకు చెందిన కాక్షట్ సంస్థ తన 30వ నంబరు ట్రాక్టరులో పనిముట్టుకు వేరు క్లచ్ పెట్టినది. దానితో ట్రాక్టరు ఆగినను పనిముట్టు తిరుగుచుండుట సాధ్యమైనది.

నేడు మన దేశములో రెండు ఏర్పాట్లును ఉన్నవి. ఒక్క క్లచ్ గల ట్రాక్టరులో పెడలు తొక్కగానే రెండును ఆగును. జంట క్లచ్ గల దానిలో పెడలును సగము తొక్కినచో ట్రాక్టరు ఆగును, పూర్తిగా తొక్కినచో పవర్ టేకాఫ్ ఆగును. పూర్తిగా తొక్కినను పనిముట్టు ఆగకున్నచో పెడలు వదులును సరిచూడవలెను. అప్పటికిని ఆగకున్నచో లోపలి వ్రేళ్ళ సర్దుబాటు అవసరము. దీనికి ప్రత్యేకపు గేజీ కావలెను గనుక ట్రాక్టరును రెండుగా విడదీయు ఈ పనిని ఇంటివద్ద చేయక అనుభవము గల మెకానిక్కునకు అప్పగించుట మంచిది.

ప్రాణ రక్షణ

పవర్ టేకాఫ్ షాఫ్టు సామాన్య వేగము నిమిషమునకు 540 చుట్లు. అనగా సెకనుకు 9 చుట్లు. షాఫ్టు చుట్టుకొలత సుమారు 11 సెంటీమీటర్లు. కావున దానికి చిక్కిన గుడ్డ సెకనుకు దాదాపు ఒక మీటరు చొప్పున చుట్టుకొనిపోవును. పంచె కొంగో, చీర చెరగో, తలగుడ్డయో చిక్కిన తరువాత మనిషి కేక వేయు లోపలనే అంతయు జరిగిపోవును. అప్పుడు క్లచ్ వదలదగిన స్థితిలో ఉన్నదా లేదా అనునదియే ప్రాణమును నిర్ణయించును. క్లచ్ మరమ్మతు డబ్బు విషయమైనంతగా ప్రాణ విషయము కూడ అని చెప్పుటకు కారణ మిదియే.

నూర్పిడి యంత్రముల వలన దేశమంతట జరిగిన అంగవైకల్యములను చూచియే భారత ప్రభుత్వము 1983లో ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టమును చేసినది. అయినను చట్టము పొలములో మన చేయి పట్టుకొని ఆపదు. షాఫ్టు మూతను, బెల్టు మూతను తీసివేసి యంత్రము నడుపరాదు. తిరుగుచున్న షాఫ్టును దాటరాదు. ఇంజను పూర్తిగా ఆగనిదే పనిముట్టులో చేయి పెట్టరాదు. వదులు బట్టలతోను, జడ విడిచియు యంత్రము దగ్గర పనిచేయరాదు.

గ్రామాధికారులకు

గ్రామ వ్యవసాయ సహాయకులు ఉభాలకు నెల ముందుగా తమ గ్రామములోని టిల్లర్లను ఒకచోట చేర్పించి, కడ్డీ వదులును, బెల్టు బిగువును, మూతలను పరీక్షించు దినము నొకటి ఏర్పాటు చేసినచో చాల ఉపకారము జరుగును. ఒక యంత్రమునకు అరగంట చాలును. కావలసిన సీళ్ళు, బెల్టులు, ప్లేట్ల పట్టిక ముందే తయారైనచో రైతులు కలిసి ఒకేసారి తెప్పించుకొనవచ్చును. అప్పుడు సరియైన కంపెనీ భాగములు దొరకును, ఉభాల నడుమ టెక్కలికో, శ్రీకాకుళమునకో పరుగెత్తు పనియు తప్పును. అద్దెకు ఇచ్చు యంత్రములు అనేకుల చేతులలో నడచును గనుక వీనిని మరింత తరచుగా చూడవలెను. గ్రామమునకు ఒక యువకుడైనను యంత్ర నిర్వహణలో శిక్షణ పొందుట అవసరము. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వము వారి వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రమును గూడ సలహా కొరకు సంప్రదింపవచ్చును.

క్లుప్తముగా చెప్పవలెనన్న: బెల్టు చూడనిదే క్లచ్ విప్పవద్దు. కడ్డీ వదులు సరిచేయనిదే ప్లేటు కొనవద్దు. కారణము కనుగొననిదే కొత్త ప్లేటు వేయవద్దు. యంత్రము ఊరకయున్నప్పుడు లీవరును ఆఫ్ స్థానములో నుంచుడు. వదలని క్లచ్ గల యంత్రమును ఒక్క సాలు కూడ నడుపవద్దు. ఈ అయిదు మాటలను యంత్రము నుంచు చావడి గోడపై వ్రాసి యుంచుకొన్నచో, కాలువకు నీరు వచ్చిన దినమున మీ టిల్లరు మడిలో నుండును.